ఒక దేశమును చదివిన విద్యార్థి

ఒక ప్రభుత్వము పరదేశముతో వ్యవహరింపవలెనన్నచో ఆ దేశమును చక్కగా ఎరిగినవారు కొందరు దాని చేతిక్రింద ఉండవలెను. ఇది క్రొత్త సంగతి కాదు. రాయబారమునకు పోవువాడు ఎదుటివారి మాటనే గాక మనస్సును గూడ ఎరిగినవాడై యుండవలెనని మన పెద్దలు చెప్పుచునే వచ్చిరి. అయితే ఒక దేశముయొక్క భాష, చరిత్ర, భూగోళము, ఆర్థికస్థితి, సంఘవ్యవస్థ అను వానిని విడివిడిగా గాక ఒక్కచోట చేర్చి చదువుట, ఆ చదువును విదేశాంగ విధానమునకు తోడుగా నిలుపుట అను పద్ధతి మాత్రము ఇరువదవ శతాబ్దమున రూపొందినది. విశ్వవిద్యాలయములలో దానికి ప్రాంతీయాధ్యయనమని పేరు.

ఈ విద్య ఎట్లు పుట్టినది? దీనిని చదువబూనిన విద్యార్థి ఏ బాటను నడువవలసి వచ్చెను? తాను చదివి తెలిసికొన్నదానిని ప్రభుత్వమునకు చెప్పినప్పుడు అతనికేమి జరిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ఒక జీవితమును పరిశీలించిన చాలును. ఆ జీవితము అమెరికాలో ఆధునిక చైనా చరిత్రాధ్యయనమునకు పునాది వేసిన జాన్ కింగ్ ఫెయిర్‌బ్యాంక్ అను ఆచార్యునిది.

ఫెయిర్‌బ్యాంక్ 1907వ సంవత్సరము మే 24వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, దక్షిణ డకోటా రాష్ట్రమున, హ్యూరన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఏ సముద్రతీరమునకైనను చాల దూరమున, విశాలమైన మైదానముల నడుమ నున్న ఊరది. తండ్రి న్యాయవాది. ఆ కాలమున చైనాను గూర్చి కొంచెమైనను తెలిసిన అమెరికనులలో ఎక్కువమంది అక్కడ పనిచేసిన క్రైస్తవ ప్రచారకులు, వారి బిడ్డలు, ఓడరేవులలోని వర్తకులు. ఈ బాలునికి అట్టి పుట్టుసంబంధమేదియు లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి, తరువాత హార్వర్డుకు పోయి, 1929లో పట్టభద్రుడయ్యెను. ఆ యేడే రోడ్స్ విద్యార్థివేతనము లభించి ఆక్స్‌ఫర్డునకు బయలుదేరెను.

ఆయన దృష్టి చైనావైపు మరలుటకు కారణము ఒక సంభాషణ. 1929 వసంతకాలమున చార్లెస్ వెబ్‌స్టర్ అను ఆంగ్ల చరిత్రకారుడు హార్వర్డునకు వచ్చియుండెను. యూరపు రాజ్యముల రాయబార చరిత్రలో ఆయన గొప్ప పండితుడు. చైనా చక్రవర్తుల విదేశ వ్యవహారములకు సంబంధించిన రహస్య పత్రములు పెకింగు నగరమున అచ్చగుచున్నవనియు, వానిని చదువగలిగిన చరిత్రకారునికి చేతినిండ పని దొరకుననియు ఆయన ఈ యువకునికి తెలిపెను. ఆ పత్రములు మువ్వురు మంచూ చక్రవర్తుల కాలమునకు చెందినవి. మొత్తము 260 ప్రకరణములు. చైనా చక్రవర్తికి అధికారులు పంపిన విన్నపములు, వానిపై ఆయన వ్రాసిన ఆజ్ఞలు వానియందున్నవి. అంతవరకు చైనాకును పాశ్చాత్య రాజ్యములకును గల సంబంధముల చరిత్రయంతయు పాశ్చాత్యుల దస్త్రములనుండియే ముఖ్యముగా వ్రాయబడుచుండెను. ఒక పక్షమువారి వాదనను మాత్రము విని తీర్పు చెప్పినట్లుండెను. రెండవ పక్షమువారి నోటిమాట మొదటిసారిగా ఇప్పుడు వెలికి వచ్చినది. చైనా భాషలో ఒక్క అక్షరమైనను రాని ఇరువది రెండేండ్ల యువకుడు తన జీవితమును దానికి అర్పింప నిశ్చయించుకొనెను.

నిశ్చయము సులభమే గాని మార్గము సులభము కాలేదు. ఆక్స్‌ఫర్డులో చైనా భాషకు ఆచార్యుడున్నమాట నిజమే. సూథిల్ అను ఆ పెద్దమనిషి పూర్వము చైనాలో మతప్రచారకుడుగా నుండినవాడు. వయస్సు మీరియుండెను, తన నిఘంటువు పనిలో మునిగియుండెను. అందుచేత విద్యార్థి ఒక వాచకమును ముందు పెట్టుకొని తనంతట తానే అక్షరములు దిద్దుకొనవలసి వచ్చెను. మరియొక ప్రక్క లండను నగరములోని ప్రభుత్వ దస్త్రాగారమున కూర్చుండి, చైనా రేవులనుండి బ్రిటిషు కాన్సలులు పంపిన లేఖలను చదువుచు వచ్చెను.

ఆయనకు నిజమైన గురువు విశ్వవిద్యాలయము వెలుపల దొరికెను. హెచ్. బి. మోర్స్ అను వృద్ధుడు ఆ దినములలో ఇంగ్లండులోని కేంబర్లీ అను ఊర కాపురముండెను. 1874లో హార్వర్డునుండి పట్టము పుచ్చుకొని, నేరుగా చైనా సముద్ర సుంకముల శాఖలో చేరి, ఉద్యోగమును విరమించిన తరువాత చైనా విదేశ సంబంధములను గూర్చి మూడు సంపుటముల చరిత్రను వ్రాసినవాడాయన. పుస్తకములలో లేని అనుభవము, అనుభవములో దొరకని దస్త్రముల పరిచయము రెండును ఆయనయందుండెను. ఫెయిర్‌బ్యాంక్ ఆయనకడకు పోయి వచ్చుచు, ఆ సుంకముల శాఖ పుట్టుకనే తన పరిశోధనకు విషయముగా స్వీకరించెను.

ఈ సుంకముల శాఖ కథ ఏమి? నల్లమందు యుద్ధము ముగిసి, 1842లో నాన్‌కింగు సంధి జరిగిన తరువాత, చైనా తన రేవులలో అయిదింటిని విదేశ వర్తకమునకు తెరవవలసి వచ్చెను. ఆ నల్లమందు మన దేశమున బెంగాలు, మాళవ ప్రాంతములలో పండినదే. 1853లో తిరుగుబాటుదారులు షాంఘై పాతనగరమును ఆక్రమించగా సుంకములు వసూలుచేయు అధికారి లేక పోయెను. మరుసటి యేట చైనా అధికారియు, మూడు విదేశముల కాన్సలులును ఒడంబడిక చేసికొని, విదేశీయులను సుంకముల తనిఖీదారులుగా నియమించిరి. వారు పుట్టుకచే విదేశీయులు. కాని వారు వసూలు చేసిన సొమ్ము చేరునది చైనా ఖజానాకు. ఈ విచిత్రమైన ఏర్పాటే పెరిగి పెద్దదై దాదాపు ఒక శతాబ్దకాలము నిలిచెను. బలవంతుడు బలహీనుని జయించెనని ఒక్క వాక్యములో తేల్చివేయుటకు వీలులేని చరిత్ర యిది. ఇరుపక్షముల పత్రములను ఎదురెదురుగా నుంచి చదివిననే గాని దీని మర్మము బోధపడదు.

చైనాను చదువుటకు చైనాకు పోవలెను. 1932 ఆరంభమున ఫెయిర్‌బ్యాంక్ షాంఘై చేరుసరికి జపాను సేనలు ఆ నగరముపై దాడి చేయుచుండెను. అచ్చటినుండి పెకింగు పోయి, విదేశీయులకై నడుపబడుచున్న భాషా పాఠశాలలో చేరెను. ఆ యేడు జూన్ నెలలో విల్మా కేనన్ అను చిత్రకారిణిని ఆ నగరముననే వివాహమాడెను. వారికి ఆప్తమిత్రులైన దంపతులు చైనాలో ప్రాచీన వాస్తువును పరిశోధించుచున్న లియాంగ్ సిచెంగ్, లిన్ హుయియిన్ అనువారు. పురాతన దేవాలయములను వెదకుచు, కొలతలు తీసి చిత్రములు గీయుచు, ఊరూర తిరుగుచుండిన ఆ దంపతులవలన చైనా పుస్తకముల దేశముగా గాక మనుష్యుల దేశముగా ఆయనకు పరిచయమయ్యెను. ఫెయిర్‌బ్యాంకునకు చైనా పేరు పెట్టినది లియాంగ్ సిచెంగే.

ఇంతలో వేతనముయొక్క గడువు తీరెను. మరియొక వేతనమునకై చేసికొన్న మనవి నిరాకరింపబడెను. పరిశోధన నడిమధ్య ఆగిపోవు స్థితి వచ్చినది. అట్టి సమయమున చింగ్‌హువా విశ్వవిద్యాలయమున చరిత్రశాఖకు అధ్యక్షుడైన త్సియాంగ్ తింగ్‌ఫూ ఈ విదేశీ విద్యార్థిని చేరదీసి, బోధించు పని ఇచ్చెను. చక్రవర్తుల కాలపు కార్యాలయ భాషను ఎట్లు చదువవలెనో దారి చూపెను. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమున చదివినవాడు. తన దేశపు విదేశ సంబంధములను దస్త్రముల ఆధారముతో శాస్త్రీయముగా పరిశీలించినవారిలో మొదటి శ్రేణికి చెందినవాడు. అమెరికాలో చైనా చరిత్ర కొక మార్గము తీర్చినది చైనా గురువుల శిక్షణయే యని మరువరాదు. ఈ త్సియాంగ్ కూడ తరువాత గ్రంథాలయమును విడిచి రాయబారియై, ఐక్యరాజ్య సమితిలో జాతీయ చైనా ప్రతినిధిగా చాలకాలము పనిచేసెను. గురుశిష్యులిద్దరును చరిత్రనుండి రాజ్య వ్యవహారములలోనికి నడచిరి. కాని నడచి చేరిన చోట్లు వేరైనవి.

1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను. ఆ సంవత్సరమే హార్వర్డులో అధ్యాపకుడుగా చేరెను. అప్పటి అమెరికా విశ్వవిద్యాలయములలో చైనా విద్య యనగా ముఖ్యముగా ప్రాచీన గ్రంథముల పఠనము. కన్ఫ్యూషియసు మాటకు అర్థమేమో చెప్పగలవారు కొందరుండిరి గాని, నిన్నటి చైనాలో పన్నులెట్లు వసూలైనవో, రైతు ఏల తిరుగబడెనో చెప్పగలవారు అరుదు. ఫెయిర్‌బ్యాంక్ ఈ లోటును తీర్పబూనెను. జపాను చరిత్ర తెలిసిన ఎడ్విన్ రైషావర్‌తో కలిసి ఆయన నడిపిన తూర్పు ఆసియా నాగరికతా పాఠమునకు విద్యార్థులు ముద్దుగా వరిమళ్ల పాఠమని పేరు పెట్టుకొనిరి.

ఇంతవరకు ఇది ఒక పండితుని కథ. దీనిని రాజ్య వ్యవహారములతో ముడివేసినది యుద్ధము. 1941 ఆగస్టులో, అమెరికా ఇంకను యుద్ధమున దిగకమునుపే, ఆయనకు వాషింగ్టను నుండి పిలుపు వచ్చెను. అప్పుడే ఏర్పడుచున్న సమాచార పరిశోధన శాఖలో చరిత్రకారులు, భూగోళ శాస్త్రజ్ఞులు, ఆర్థిక శాస్త్రజ్ఞులు, భాషావేత్తలు ఒకే బల్లచుట్టు కూర్చుండి ఒక్కొక్క దేశమును గూర్చి నివేదికలు సిద్ధపరచుచుండిరి. విశ్వవిద్యాలయమున ఎవరి గది వారిది; ఇక్కడ ఒకరి ప్రశ్నకు మరియొకరు సమాధానము చెప్పవలెను. యుద్ధానంతరము ప్రాంతీయాధ్యయనమని ప్రసిద్ధికెక్కిన పద్ధతికి బీజము ఈ బల్లయొద్దనే పడినదనవచ్చును.

1942లో ఆయన భారతదేశము మీదుగా, హిమాలయముల తూర్పు కొనను విమానములో దాటి, స్వతంత్ర చైనాకు చేరెను. రాజధాని అప్పుడు చుంగ్‌కింగు. ముద్రిత గ్రంథములను, పత్రికలను సేకరించి సూక్ష్మచిత్రములుగా వాషింగ్టనునకు పంపుట ఆయన పని. కాని ఆయన కన్నులకు కనబడినది పుస్తకములు మాత్రమే కాదు. చింగ్‌హువా మొదలగు విశ్వవిద్యాలయములు జపానువారి దాడికి తాళలేక నైరృతి మూలనున్న కున్‌మింగునకు తరలిపోయి, అచ్చట సంయుక్త విశ్వవిద్యాలయముగా నడుచుచుండెను. ధరలు మండిపోవుచుండగా ఆచార్యులు పుస్తకములను, బట్టలను అమ్ముకొని పొట్ట పోసికొనుచుండిరి. నదీతీరమున ఒక పల్లెలో తలదాచుకొన్న లియాంగ్ దంపతులను ఆయన చూడబోయెను. లిన్ హుయియిన్ క్షయవ్యాధితో మంచము పట్టియుండెను. ఆ స్థితిలోను వారి పరిశోధన ఆగలేదు. ప్రభుత్వము ఈ విద్యావంతులను ఆదుకొనుటకు మారుగా వారి ఆలోచనలను అదుపులో నుంచుటకు ఎక్కువ శ్రద్ధ చూపుచుండెను. చదువుకొన్నవారి విశ్వాసమును కోల్పోయిన ప్రభుత్వము చిరకాలము నిలువజాలదని ఆయనకు తోచెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1946 జూలైలో, ఆ సంయుక్త విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, కవి యగు వెన్ యిదువో కున్‌మింగు వీధిలో తుపాకి గుండ్లకు బలియయ్యెను.

ఆ యేడే ఫెయిర్‌బ్యాంక్ హార్వర్డునకు తిరిగివచ్చి, చైనా ప్రాంతీయాధ్యయనమను పేర రెండేండ్ల ఎం. ఏ. తరగతిని నెలకొల్పెను. చేరినవారిలో పలువురు యుద్ధమునుండి మరలివచ్చిన యువకులు. వారు భాష నేర్చుకొనవలెను. చరిత్ర, భూగోళము, ఆర్థికశాస్త్రము, మానవశాస్త్రము అను వాని దృష్టులన్నిటితోను ఒకే దేశమును పరికింపవలెను. దీనికి పండితులనుండి ఆక్షేపణలు లేకపోలేదు. అన్నిటిలోను కొంచెము కొంచెము తెలిసినవాడు దేనిలోను లోతు తెలియనివాడగునని వారి వాదము. ఆ భయము నిరాధారము కాదు గనుకనే ఫెయిర్‌బ్యాంక్ తన శిష్యులు ఆ తరగతితో ఆగక, చరిత్రయందో రాజకీయ శాస్త్రమునందో లోతైన పరిశోధన చేయవలెనని ప్రోత్సహించెను.

ఈ శిక్షణ ఎట్టి ఫలము నిచ్చునో ఒక ఉదాహరణ చూడుడు. బెంజమిన్ ష్వార్ట్స్ అను విద్యార్థి యుద్ధకాలమున జపానువారి సంకేత లిపులను ఛేదించు పనిలో నుండెను. హార్వర్డులో ఈ తరగతి చదివి, మావో అధికారమునకు వచ్చిన విధమును గూర్చి 1951లో ఒక గ్రంథమును ప్రకటించెను. మావో రైతులను నమ్ముకొని తీసిన మార్గము మాస్కో గీచినది కాదనియు, అది చైనా పరిస్థితులనుండి పుట్టినదనియు మూల పత్రముల ఆధారముతో ఆయన చూపెను. కమ్యూనిస్టు దేశములన్నియు ఒకే ముద్దయని ప్రభుత్వములు తలచుచున్న దినములవి. 1960 ప్రాంతమున చైనాకును, సోవియట్ యూనియనునకును నడుమ కలతలు బయటపడినప్పుడు పలువురు ఆశ్చర్యపడిరి. ఆ పుస్తకము చదివినవారికి అంత ఆశ్చర్యము కలిగియుండదు.

అయితే చెప్పిన మాట నిజమైనంత మాత్రమున చెప్పినవానికి మేలు కలుగునా? ఉన్నమాట అన్న ఉలుకెక్కువ యని మన సామెత. 1949లో చాంగ్ కై షేక్ ప్రభుత్వము ఓడిపోయి తైవాను ద్వీపమునకు పోయెను. చైనాను మనము పోగొట్టుకొన్నాము, పోగొట్టినవారెవరు అను కేక అమెరికాలో బయలుదేరెను. తన కోడియు, తన కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదనుకొన్న అవ్వ కథ మనకు తెలిసినదే. యాబది కోట్ల జనులుగల ప్రాచీన దేశము తన చేతిలోని వస్తువైనట్లు, అది జారిపోవుటకు తన యింటి దొంగలే కారణమైనట్లు ఒక మహారాజ్యము భ్రమపడెను. అమెరికా ప్రభుత్వము ఆ ఆగస్టులోనే వేయి పుటలకు మించిన నివేదికను ప్రకటించి, చైనాలో జరిగినది తమ అదుపునకు లోబడినది కాదని చెప్పుకొన్నను వినువారు లేకపోయిరి.

చైనా ప్రభుత్వము బలహీనమగుచున్నదని ముందుగా వ్రాసినవారే దానిని బలహీనపరచినవారని నిందింపబడిరి. జాన్ సర్వీస్ అను దౌత్యాధికారి 1951లో ఉద్యోగమునుండి తొలగింపబడి, 1957లో అత్యున్నత న్యాయస్థానపు తీర్పువలన తిరిగి ప్రవేశించెను. జాన్ పేటన్ డేవిస్ 1954లో తొలగింపబడెను. మధ్య ఆసియా పండితుడైన ఓవెన్ లాటిమోరు సెనేటు ఉపసంఘము ఎదుట పండ్రెండు దినములు ప్రశ్నింపబడి, అసత్య సాక్ష్యపు నేరము మోపబడి, 1955లో గాని విముక్తుడు కాలేదు. ఫెయిర్‌బ్యాంక్ వంతు కూడ వచ్చెను. 1951లో ఆయన పరిశోధనకై జపాను పోదలచెను. ఆ దేశము అప్పుడు అమెరికా సైన్యపు అధీనమున నుండుటచే సైనికాధికారుల అనుమతి కావలసి యుండెను, వారు నిరాకరించిరి. 1952 మార్చిలో ఆయన సెనేటు ఉపసంఘము ఎదుట హాజరై, తాను ఏనాడును కమ్యూనిస్టు పక్షమునకు చెందినవాడను కానని ప్రమాణ పూర్వకముగా చెప్పి, తన వ్రాతలకు తానే సమాధానము చెప్పుకొనెను. ఆ విచారణ ముగిసిన తరువాత గాని జపానుకు దారి తెరువబడలేదు. ఒకవైపు తైవానులో ఆయన కమ్యూనిస్టుల మిత్రుడని తిట్టిరి. మరియొకవైపు పెకింగులో సామ్రాజ్యవాదుల మనిషియని తిట్టిరి.

ఈ ఉపద్రవమువలన నష్టపడినది కొందరు వ్యక్తులు మాత్రమే కాదు. తూర్పు ఆసియాను ఎరిగినవారు విదేశాంగ శాఖలో అరుదైపోయిరి. మిగిలినవారు నోరు విప్పుటకు వెరచిరి. వియత్నాం యుద్ధకాలమున అమెరికా రక్షణ మంత్రిగా నుండిన రాబర్ట్ మెక్‌నమారా 1995లో ప్రకటించిన స్మృతులలో, ఆ దేశమును గూర్చి తమకు బుద్ధి చెప్పగల నిపుణులు ప్రభుత్వమున లేకపోయిరనియు, చైనా నిపుణులను తొలగించుట దానికొక కారణమనియు వ్రాసెను. కోడిని కోసినంత మాత్రమున తెల్లవారక మానదు. కాని తెల్లవారినది తెలియక ఇంటివారు మాత్రము నిదురపోవుదురు.

విశ్వవిద్యాలయములలో మాత్రము ఈ విద్య నిలిచి పెరిగెను. 1955లో ఫెయిర్‌బ్యాంక్ హార్వర్డులో తూర్పు ఆసియా పరిశోధన కేంద్రమును స్థాపించెను. ఫోర్డు, కార్నెగీ ధర్మనిధులు ధనమిచ్చినవి. 1957 అక్టోబరులో సోవియట్ యూనియను స్పుట్నిక్ ఉపగ్రహమును ఎగురవేయగా అమెరికా ఉలికిపడి, మరుసటి యేట జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసెను. గణితముతో, విజ్ఞానశాస్త్రముతో పాటు పరభాషల బోధనకు, ప్రాంతీయాధ్యయన కేంద్రములకు ఆ చట్టము సొమ్ము సమకూర్చెను. చట్టముయొక్క పేరులోనే చిక్కు ఇమిడియున్నది. రక్షణకొరకు ఇచ్చిన ధనముతో చదువు విద్యార్థి ఇచ్చినవారికి నచ్చని సత్యమును చెప్పగలడా?

1968లో కొందరు యువపండితులు ఈ ప్రశ్ననే ఘాటుగా వేసిరి. వియత్నాం యుద్ధమును నిరసించుచు సంఘముగా ఏర్పడి, తమ గురువుల తరము ప్రభుత్వమునకు మరీ చేరువగా నిలిచెననియు, సామ్రాజ్యవాదమును తేలికగా చూచెననియు ఆక్షేపించిరి. ఒకనాడు ఎర్రవాడని నిందింపబడిన ఆచార్యుడు ఇప్పుడు ఏలినవారి పక్షపువాడని నిందింపబడెను. ఆయన వారితో పత్రికాముఖమున వాదించెనే గాని వారిని వెలివేయలేదు. పాశ్చాత్యులు తట్టగా చైనా మేలుకొనెనన్నట్లు ఆయన గ్రంథములు తోపించునని, చైనా చరిత్రను చైనా లోపలినుండి చూడవలెనని 1984లో వాదించిన పాల్ కోహెన్ కూడ ఆయన శిష్యుడే. ఆ విమర్శ సమంజసమైనదని నేడు చాలమంది చరిత్రకారులు అంగీకరింతురు. గురువును దిద్దగల శిష్యులు వచ్చుట విద్యకు కీడు కాదు.

1966 మార్చిలో సెనేటు విదేశాంగ సంఘము చైనాపై బహిరంగ విచారణ జరిపినప్పుడు ఫెయిర్‌బ్యాంక్ మరల సాక్షియయ్యెను. ఈసారి నిందితుడుగా గాక నిపుణుడుగా పిలువబడెను. చైనాను వెలివేసియుంచుట మేలు కాదనియు, దానిని అంతర్జాతీయ జీవనములోనికి రానీయవలెననియు ఆయన చెప్పెను. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ పెకింగు నగరమున దిగెను. అదే యేడు ఆహ్వానము నందుకొని ఫెయిర్‌బ్యాంక్ దంపతులును పోయిరి. ప్రధాని చౌ ఎన్ లై వారిని కలిసికొనెను. కాని వారు చూడగోరిన మిత్రులు లేరు. లిన్ హుయియిన్ 1955లోనే మరణించెను. లియాంగ్ సిచెంగ్ ఆ సంవత్సరము జనవరిలో, నిక్సన్ రాకకు కొన్ని వారములు ముందు, కన్నుమూసెను. రెండు ప్రభుత్వములు మాటలాడుకొనని కాలమున స్నేహితులు కూడ ఒకరినొకరు చూడలేకపోయిరి. విల్మా ఆ తరువాత లియాంగ్ వ్రాసిన చైనా వాస్తు చరిత్రను వెదకి, కూర్చి, 1984లో అచ్చు వేయించెను. ఆ పని ఏ ప్రభుత్వ విధానమునకును చెందినది కాదు, స్నేహధర్మమునకు చెందినది.

1979 జనవరి 1వ తేదీన రెండు దేశములకు పూర్తి దౌత్యసంబంధములు ఏర్పడెను. 1991 సెప్టెంబరులో ఫెయిర్‌బ్యాంక్ చైనాపై తన చివరి చరిత్ర గ్రంథపు వ్రాతప్రతిని ప్రచురణకర్తలకు అప్పగించి, రెండు దినముల పిమ్మట, 14వ తేదీన, తన 84వ యేట మరణించెను.

దీనితో మనకు సంబంధమేమి? మనము చదువువారము మాత్రమే కాదు, చదువబడినవారము కూడ. అదే యుద్ధానంతర కాలమున, 1948లో, నార్మన్ బ్రౌన్ అను సంస్కృత పండితుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా ప్రాంతీయాధ్యయన శాఖను స్థాపించెను. అచ్చటి భాషాశాస్త్రజ్ఞుడు లీ లిస్కర్ వాడుక తెలుగును నేర్పు పాఠ్యగ్రంథమును 1963లో వెలువరించెను. పి. ఎల్. 480 గోధుమలు మన పెద్దలకు జ్ఞాపకమే. ఆ గోధుమలకై మనము చెల్లించిన రూపాయలలో కొంత భాగముతో 1962 నుండి మన దేశపు పుస్తకములు కొనబడి అమెరికా గ్రంథాలయములకు పోయెను. వానిలో తెలుగు పుస్తకములును ఉన్నవి. ఫెయిర్‌బ్యాంక్ రెండేండ్లు చదివిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయముననే తరువాతి కాలమున వెల్చేరు నారాయణరావు దీర్ఘకాలము తెలుగు బోధించెను.

మన దేశమున 1955లో ఢిల్లీలోని సప్రూ హౌసునందు అంతర్జాతీయ అధ్యయన విద్యాలయము ఏర్పడి, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున కలిసెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమున చైనా అధ్యయన శాఖ 1964లో, అనగా చైనాతో యుద్ధము జరిగిన రెండేండ్లకు, వచ్చెను. దెబ్బ తగిలిన తరువాతనే వైద్యుని వెదకుట అన్ని రాజ్యములకును అలవాటే కాబోలు. కాని అట్టి వైద్యుడు ఒక్కనాట తయారుకాడు. 1929లో వెబ్‌స్టర్ మాట విన్న యువకుడు 1936లో గాని పట్టము నందలేదు. ఆ పరిశోధనను పెంచి వ్రాసిన గ్రంథము 1953లో గాని వెలువడలేదు.

నేడు పరదేశ వార్తలు క్షణములో మన యింటికి వచ్చుచున్నవి. దూరపు కొండలు నునుపన్న మాట వార్తలకును వర్తించును. దగ్గరకు పోయిననే గాని రాళ్లును, గుంటలును కానరావు. మన పిల్లలలో ఎవరైనను ఒక పొరుగు దేశమును చదువగోరినచో, ముందు ఆ దేశపు భాషను నేర్చుకొమ్మని, ఆ దేశమువారు తమను గూర్చి తాము వ్రాసికొన్నదానిని చదువుమని, అచ్చటి గురువుల పాదములకడ కొంతకాలము కూర్చుండుమని చెప్పవలెను. తిరిగివచ్చి వారు చెప్పు మాట మనకు రుచింపకపోవచ్చును. దానిని వినుటకు ఓర్పు లేనిచో వారిని పంపుట యందు అర్థము లేదు.